నెత్తురుకెక్కని రొట్టె

"మూడు అని రాసుకో," అన్నాడు జనార్దన్, కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ.

రెండు నెలలుగా పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంట్లో వినబడే మాట అది. కల్పన పెనం కింద మంట తగ్గించి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో వరసగా అంకెలు వేసేది. భర్తకు మూడు, అత్తగారు సత్యభామకు మూడు, పదో తరగతి చదివే కూతురు సాయలికి మూడు, తనకు మూడు. తన గడి నింపే వేళకు ఆమె ఇంకా మంచినీళ్లయినా తాగి ఉండేది కాదు. అయినా చెయ్యి ఆగేది కాదు. తింటాను కదా, తినక ఎక్కడికి పోతాను అనుకునేది. "పగటీలి అన్నం సల్లగైతది, గా గోధుమ రొట్టెలే డబ్బాల వెట్టు, మెత్తగున్నయ్" అని మొదటి వారంలో జనార్దన్ ఒక్కసారే అన్నాడు. ఒక్కసారి చాలింది. ఆమె మూడు రొట్టెలూ అతని డ్యూటీ డబ్బాలోకి వెళ్లడం మొదలైంది. అందరూ తిని లేచాక రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, వంటగట్టు దగ్గర నిలబడే తినేసి, బ్యాగు భుజాన వేసుకుని ఆమె పనిలోకి బయలుదేరేది.

ఆ కాగితాలు నింపించడమే ఆమె పని. వాళ్లుండే నాందేడ్‌లో ఒక పరిశోధన బృందం అరవై ఇళ్లకు పొట్టు తీయని గోధుమపిండి కొలిచి ఇచ్చింది. మనిషికి రోజుకు మూడు రొట్టెలు, ఎనిమిది వారాలు. ఎవరు నిజంగా తిన్నారో మనిషి ఒంట్లోంచే కనిపెట్టవచ్చా అన్నది వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. బృందాన్ని నడిపే డాక్టర్ శ్రద్ధ మొదటి రోజే మరాఠీలో విడమరిచి చెప్పింది. "తిన్నారా అని అడిగితే అందరూ తిన్నామనే అంటారు. గోధుమ పొట్టులో ఒక పదార్థం ఉంటుంది. అది బియ్యంలో ఉండదు, మన జొన్నల్లో ఉండదు, మైదాలో ఉన్నా లేనట్టే. తిన్నవాళ్ల నెత్తురులో, మూత్రంలో దాని గుర్తు దొరుకుతుంది. తినడం మానేస్తే రెండు మూడు రోజుల్లో చెరిగిపోతుంది. అందుకని మనం నోటిని కాదు, నెత్తురును అడుగుతున్నాం." కల్పనకు ఆ మాట ఎంతో నచ్చింది. ధర్మాబాద్‌లో బీయస్సీ చదివి, పదిహేడేళ్లు రైల్వే క్వార్టర్ గోడల మధ్య గడిపాక, తను చదివిన చదువుకు మళ్లీ ఒక వాసన తగిలినట్టు అనిపించింది.

ఇంట్లో మాత్రం ఆ పనికి వేరే పేరుంది. "మా ఆమె ఇంటింటికి తిరిగి ఉచ్చ డబ్బాలు ఏరుకొస్తది" అని జనార్దన్ తన తోటి ఉద్యోగుల ముందు నవ్వుతూ చెప్పాడు. అప్పుడు వాళ్లకు చాయ్ అందిస్తున్న కల్పన కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. సాయంత్రం గడప దాటగానే సత్యభామ మంచం మీది నుంచే "తానం జేసి పొయ్యికాడికి రా" అనేది. చలికాలమైనా అంతే. మొదట్లోనే ఒక కుటుంబం ఊరు మారి తప్పుకుంటే, అరవై నిండడానికి మీ ఇంటిని చేర్చుకోనా అని శ్రద్ధ అడిగింది. జనార్దన్ ఒప్పుకున్నాడు. ఊరికే వచ్చే పిండి కదా అన్నాడు.

ఇంటింటికీ తిరిగేటప్పుడు కల్పన ఎక్కువసేపు కూచునేది దేగ్లూర్ నాకా దగ్గర యమునాబాయి ఇంట్లో. అరవై దగ్గర పడ్డ మనిషి. ముగ్గురు కొడుకుల వంట తనే చేస్తుంది. కల్పన కాగితం తీసి "ఎన్ని తిన్నారు?" అనగానే ఆమె పిండి చెయ్యి ఊపి "ఖాల్లీ, ఖాల్లీ, లిహా" అనేది. తిన్నాను, తిన్నాను, రాసుకో అని. మగవాళ్లు కాసేపు ఆలోచించి, వేళ్లు మడిచి చెప్పేవాళ్లు. ఆడవాళ్లు ఆలోచించేవాళ్లు కాదు. అది కల్పన గమనించింది. గమనించి కూడా మూడు అనే రాసుకుంది. తన ఇంట్లో తను రాసుకుంటున్నదీ అదే కనుక అందులో ఆమెకు తప్పు తోచలేదు.

ఆఖరి నమూనాలు పుణె ల్యాబుకు పంపిన నెల రోజులకు ఫలితాలు వచ్చాయి. శ్రద్ధ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేయించింది.

"కల్పనా, నువ్వు ఆ కాగితాలు ఇళ్లకు వెళ్లే నింపావా, ఇంట్లో కూచుని నింపావా?"

కల్పనకు చెవులు వేడెక్కాయి. "ప్రతి ఇంటికీ వెళ్లాను మేడమ్."

శ్రద్ధ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. అందులో మనిషికొక చుక్క పెట్టిన పటం ఉంది. మగవాళ్లకు కాగితంలో రాసిందీ నెత్తురులో దొరికిందీ దాదాపు సరిపోయాయి. కొందరికి రాసినదాని కంటే ఎక్కువే దొరికింది. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చుక్కలన్నీ కిందికి జారిపోయాయి. మూడు తిన్నానన్న మనిషిలో ఒకటి తిన్న గుర్తు, అర తిన్న గుర్తు, కొందరిలో అసలేమీ లేదు.

"యంత్రం తప్పంటే మగవాళ్లకు కూడా తప్పు రావాలి కదా," అంది శ్రద్ధ. గొంతు తగ్గించింది. "ఇందులో మీ ఇల్లు కూడా ఉంది. చూస్తావా?"

చూసింది. జనార్దన్‌కు ఉండాల్సినదానికి దాదాపు మూడింతలు. సత్యభామకు సరిగ్గా ఉండాల్సినంత. కల్పన అన్న పేరు ఎదురుగా ఏమీ లేదు. దానికి ఆమె పెద్దగా ఉలిక్కిపడలేదు. ఎవరో ఎప్పటినుంచో చెబుతున్న మాటను మళ్లీ ఒకసారి విన్నట్టు ఉందంతే. వేలు ఇంకో వరస కిందికి జరిగింది. సాయలి, పదిహేనేళ్లు. అక్కడా ఏమీ లేదు.

"ఇది తప్పు మేడమ్," అంది కల్పన. "నా బిడ్డకు నా చేత్తో వడ్డిస్తాను. రోజూ మూడు. కంచంలో."

శ్రద్ధ తెరను మళ్లీ తన వైపు తిప్పుకుంది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ కల్పన ఆ కంచాన్ని తలచుకుంది. పొద్దున జనార్దన్ డబ్బా సర్దాక సాయలికి మూడు రొట్టెలు వేసి, పప్పు పోసి, తను అత్తగారిని స్నానానికి లేపడానికి లోపలికి వెళ్లేది. తిరిగి వచ్చేసరికి కంచం ఖాళీ, పిల్ల జడ వేసుకుంటూ ఉండేది. పిల్ల బడికి వెళ్లాక చూస్తే రొట్టెల డబ్బాలో గుడ్డ కింద మూడు ఉండేవి. పిండి ఎక్కువ పడిందేమో, ఈ పూట కూడా మిగిలాయి అనుకునేది. వాటిని ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టి, సాయంత్రం పెనం మీద వెచ్చచేసి, చాయ్‌తో జనార్దన్‌కు పెట్టేది. రోజూ ఎందుకు మిగులుతున్నాయని ఒక్కనాడూ తనను తాను అడగలేదు. అరవై ఇళ్లలో ఎవరెన్ని తిన్నారో అడిగింది. తన వంటింట్లో ఆ మూడు రొట్టెలు ఎవరివో అడగలేదు.

సాయలి ముందుగదిలో కింద కూచుని భూగోళం పుస్తకంలో పటం గీస్తోంది. కల్పన బ్యాగు పక్కన పెట్టి, స్నానం మాట కూడా మరిచి ఆమె ఎదురుగా కూలబడింది.

"నువ్వు పొద్దున రొట్టెలు తింటలేవా బిడ్డా?"

పిల్ల పెన్సిల్ ఆగింది. "తింటున్న."

"నిజం చెప్పు. నేను కోపం జెయ్య."

సాయలి తలుపు వైపు చూసింది. నాయనమ్మ లోపల పడుకుని ఉంది. "నీకే వెట్టిన గదమ్మా," అంది మెల్లగా. "డబ్బాల, గుడ్డ కింద. నీ రొట్టెలన్ని బాపు డబ్బాల వోతయి, నువ్వు సల్లన్నం తింటవు. నేను సూసిన. గందుకే నావి నీకు వెట్టిన."

"రోజూనా?"

"రోజూ. నేను బడికాడ అటుకుల పోహే తింట తియ్, శ్రావణి తెస్తది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు తింటవా? మళ్ల నాకే వెడ్తవు." పిల్ల మొహంలో ఒక చిన్న గర్వం మెదిలింది. "బడికెళ్లి రాంగనే డబ్బా దీసి సూస్తుంటి. ఖాళీ ఉంటుండె. అమ్మ తిన్నది అనుకునేదాన్ని. మంచిగనిపిస్తుండె." ఆమె కొంచెం ముందుకు జరిగింది. "నీ నెత్తుర్ల వచ్చిందా అమ్మా, గా గోధుమలది?"

కల్పనకు నోటి దాకా వచ్చిన మాట ఒకటుంది. వచ్చింది బిడ్డా అనేస్తే అయిపోతుంది. పిల్ల నవ్వుతుంది, పటం గీసుకుంటుంది. యమునాబాయి పిండి చెయ్యి ఊపినట్టు తనూ ఊపేస్తే చాలు. తన అమ్మ కూడా ధర్మాబాద్‌లో అలాగే అనేది, తిన్నాను, మీరు తినండి అని, ఒట్టి గిన్నె మీద మూత పెట్టి. తనెప్పుడూ ఆ మూత తీసి చూడలేదు. ఈ పిల్ల తీసి చూసింది. చూసి, నేర్చుకుంది. ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు. గట్టు దగ్గర నిలబడి చల్లన్నం మింగుతున్న అమ్మను చూస్తూ నేర్చుకుంది.

"రాలే," అంది కల్పన. "అయి నువ్వు నాకు వెట్టినవని నాకు దెల్వదు బిడ్డా. మిగిలినయ్ అనుకున్న. రోజూ మీ బాపుకు చాయ్‌ల వెట్టిన."

సాయలి ఏడవలేదు. పుస్తకం మూసింది. పెన్సిల్ డబ్బాలో పెట్టి, దాని మూత రెండుసార్లు నొక్కింది. "అన్ని రోజులా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత తల్లి ఒళ్లోకి ఒరిగితే, కల్పన చేతికి ఆ పిల్ల భుజం ఎముక గట్టిగా తగిలింది. ఇంత సన్నబడిందని కూడా తను చూడలేదు.

జనార్దన్ ఆరున్నరకు వచ్చాడు. జరిగింది కల్పన దాచకుండా చెప్పింది. అతను బూట్లు విప్పుతూ విని, అచ్చం ఆమె అనుకున్న మాటే అన్నాడు.

"ఎవ్వలు వద్దన్నరు మిమ్ముల తినొద్దని? ఇంట్ల తిండికి తక్కువ జేసిన్నా నేను?"

నిజంగానే ఎవరూ వద్దనలేదు. పదిహేడేళ్లలో ఒక్కరూ తినొద్దనలేదు. ఒక్కరూ తిన్నావా అని కూడా అడగలేదు. కల్పన తన దగ్గరున్న తమ ఇంటి యాభై ఆరు రోజుల కాగితాలూ ముందేసుకుని, తన గడిలోని మూడు కొట్టేసి సున్నా రాయడం మొదలుపెట్టింది. కొట్టేసిన ప్రతిచోటా సంతకం పెట్టింది. తనది అయ్యాక సాయలిది.

"గవి ఆఫీసుల ఇస్తవా?" జనార్దన్ గొంతు మారింది. "నా ఇజ్జత్ ఏం గావాలె? పెండ్లాం తిండి, బిడ్డ తిండి తిన్నడంటరు."

"తిన్నరు గద," అంది కల్పన, కలం ఆపకుండా.

అతను బయటికి వెళ్లిపోయాడు. లోపలి గది నుంచి సత్యభామ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విన్నట్టుంది. తిడుతుందేమోనని కల్పన తల ఎత్తలేదు.

"నాది వచ్చిందా పిల్లా, నెత్తుర్ల?"

"వచ్చింది అత్తమ్మా. మంచిగనే వచ్చింది."

ముసలామె ఆ కాగితాల వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. "మీ మామ వోయినంకనే నాకు ఉడుకు రొట్టె దొరికింది," అంది. మళ్లీ గోడ పట్టుకుని వెళ్లి పడుకుంది.

మర్నాడు శ్రద్ధ ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. ఆడవాళ్ల లెక్కలన్నీ నమ్మదగినవి కావని పక్కన పెట్టేయాలని అనుకున్నానని చెప్పింది.

"పక్కన పెట్టకండి మేడమ్," అంది కల్పన. "నన్ను మళ్లీ ఆ ఇళ్లకు పంపించండి. తిన్నారా అని అడగను. మీరు తినడానికి కూచునే వేళకు రొట్టెల డబ్బాలో ఎన్ని మిగిలాయని అడుగుతాను."

"ఇవి పైవాళ్లకు చూపిస్తే నీ ఉద్యోగం ఉంటుందని నేను మాటివ్వలేను."

"చూపించండి."

ఆ మరుసటి పొద్దున కల్పన మొదటి నాలుగు రొట్టెలు కాల్చి పొయ్యి ఆపేసింది. రెండు కంచాలు నేల మీద పెట్టి, రెండేసి వేసి, సాయలిని పిలిచి పక్కన కూచోబెట్టుకుంది. జనార్దన్ యూనిఫాం వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"నాకు టైమైతుంది," అన్నాడు.

"పిండి కలిపి ఉన్నది. మేము తిన్నంక చేస్త. తొందరుంటే మీరే ఒత్తుకోండ్రి."

అతను కదలలేదు. కల్పన అతని వైపు చూడకుండా రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది. కూచుని, ఎవరికీ లేచి వడ్డించే పని లేకుండా, పొయ్యి మీంచి దిగిన రొట్టెను నోట్లో పెట్టుకుని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. నమలుతుంటే ఏడుపు, ముద్ద ఒకేచోట అడ్డం పడ్డాయి.

సాయలి తన కంచాన్ని ముట్టుకోలేదు. ఆ పిల్ల కళ్లు తల్లి గొంతు మీదే ఉన్నాయి, ముద్ద నిజంగా కిందికి దిగుతుందా లేదా అని. యాభై ఆరు రోజులు ఖాళీ డబ్బాను నమ్మి మోసపోయిన పిల్ల. ఇక నమ్మదు.

కల్పన బలవంతంగా మింగింది. కూతురి వైపు తిరిగి, చంటిపిల్లలా నోరు బాగా తెరిచి, లోపల ఏమీ లేదని చూపించింది.

అప్పుడు గాని సాయలి తన రొట్టె తుంచలేదు.