నా ఆరు సిలిండర్లూ, మస్తాన్ స్క్రూడ్రైవరూ

నేను ఒక ఇంగ్లీషు కారుని. 1934లో పుట్టాను. నాకు ఆరు సిలిండర్లు. నాలుగింటితో నెట్టుకొచ్చే కార్లను చూస్తే ఇప్పటికీ జాలేస్తుంది. ఓడలో మద్రాసు చేరి, అక్కణ్ణుంచి తెనాలి డాక్టరు పానకాలరావుగారి చేతికొచ్చాను. ఆయన నాకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆపైన రెండు నెలలు నన్ను తాకడానికే భయపడ్డారు. మనుషులంతే, దండం పెట్టినదాన్ని వాడుకోలేరు.

నా ఆనుపానులు తెలిసినవాడు మాత్రం తర్వాతెప్పుడో వచ్చిన మెకానిక్కు మస్తాన్. స్క్రూడ్రైవరు మొన నా ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టి, కళ్ళు మూసుకుని, నా చప్పుడు పళ్ళ గుండా ఎముకల్లోకి పాకుతుంటే వినేవాడు. లోపల ఎక్కడ ఏం మూలుగుతోందో ఇట్టే చెప్పేవాడు. డాక్టరుగారికి అతనంటే కాస్త అసూయ కూడా.

డాక్టరుగారు పోయారు. కూతురు శేషరత్నంగారు నన్ను అమ్మలేదు. పోయినేడు నాకు వణుకుడు పట్టుకుంది. కొత్త మెకానిక్కు కోటేషు బానెట్టు ఎత్తి పెదవి విరిచాడు.

"దీని పనైపోయింది మేడం. తీసేసి డీజిల్ ఇంజను పెడదాం. మైలేజీ గూడా వచ్చిద్ది."

సోమవారం ముహూర్తం పెట్టాడు. ఇంజను తీసేశాక నేనెవర్ని? ఒట్టి రేకుల్ని. నాకు ఏడుపొచ్చింది.

మనసొప్పక, ఆదివారం పొద్దున్నే ఆవిడ మస్తాన్ కోసం ఆటో పంపారు. ఎనభై దాటిన మస్తాన్‌కు మూడేళ్ళుగా చెవులు బొత్తిగా వినపడవు. చెవిటివాడు ఇంజను వింటాడా అని కోటేషు నవ్వాడు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆశ వదులుకున్నాను.

"రేపు ఇంజను తీసేస్తారు" అని ఆవిడ కాగితం మీద రాసి చూపించారు. మస్తాన్ నన్ను స్టార్టు చేయించి, స్క్రూడ్రైవరు కరిచిపట్టాడు. ఒకటి, రెండు, మూడు దాటి నాలుగో సిలిండరు దగ్గర ఆగాడు.

"పాపగారూ, ఇంజను బంగారం. ఇందులో వాల్వు పట్టేసింది, అంతే." డెబ్బయ్యేళ్ళ శేషరత్నంగారు అతనికింకా పాపగారే.

సాయంత్రానికి వాల్వు విడిపించాడు. ఆరూ కలిసి పలికాయి. పరీక్షకని మళ్ళీ స్క్రూడ్రైవరు కరిచాడు. ఎంతసేపటికీ తీయడే! కోటేషు తాళంచెవి తిప్పి ఆపడానికి నా తలుపు వైపు కదలబోతే మస్తాన్ అతని మణికట్టు పట్టుకున్నాడు. ముసలాయన గడ్డం తడిసిపోయింది.

"ఆపమాక నాయనా. మూడేళ్ళయింది ఏదన్నా విని."

ట్యాంకులో పెట్రోలు అయిపోయేదాకా నేను ఆగలేదు.