మూత నగరం, నాలుగో భాగం

మూత నగరం కథలో ప్రభుత్వం చెడ్డదని మా బాపును ఒప్పించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

అది 2019 ఎండాకాలం. పదో తరగతి పరీక్షలు రాసి బాపుతో మందకు వెళ్లాను. మా ఊరు కోస్గి పక్కనే. అక్కడ మేత, నీళ్లు అయిపోగానే మావాళ్లు గొర్రెలను మక్తల్ దాటించి కృష్ణా నది వైపు తోలుకుపోతారు. ఎరువు కోసమని అక్కడి రైతులే పిలిచి, వరి కోసిన పొలాల్లో మంద పెట్టించుకుంటారు. ఏటా బాపుకు తోడుపోయే మా పెద్దనాన్న కొడుకు హైదరాబాదులో పనికి కుదిరాడు. అతని కర్ర నా చేతికి వచ్చింది. నాకేమో మహబూబ్‌నగర్‌లో కాలేజీలో చేరాలని ఉంది. మావాళ్లు ఆ ఊరిని పాలమూరు అంటారు. మార్కులు బాగానే వచ్చాయి, చేరడానికి జూన్ ఐదు ఆఖరి తేదీ. ఆ మాట బాపుతో అంటే ‘సూద్దాం తియ్యి’ అన్నాడు. బాపు నోట ఆ మాట వచ్చిందంటే ఆ పని ఇక కాదని మా ఇంట్లో మేకపిల్లకు కూడా తెలుసు.

లైబ్రరీ నుంచి మూత నగరం మూడు భాగాలు వెంట తెచ్చుకున్నాను. నాలుగోది, అంటే చివరిది, ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదట. ఆ ఎవరో ఎవరో గానీ, వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అది రాబోయే కాలంలో ఒక నగరం. పైన ఇనుప మూత, ఆకాశం కనబడదు. పదిహేనేళ్లు నిండగానే పెద్దాఫీసు ఒక కార్డు ఇస్తుంది. దాని మీద ఏ పని రాసి ఉంటే బతికినన్నాళ్లు అదే పని. తార అనే అమ్మాయి తన కార్డు చింపేస్తుంది. మొదటిసారి అది చదివినప్పుడు నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మధ్యాహ్నం ఎండకు గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడిపోతాయి. ఆ రెండు గంటలు మనుషులకూ పని ఉండదు. తుమ్మచెట్టు కింద నేను చదువుకుంటుంటే, మాతో పాటే మంద తోలుకొచ్చిన మల్లయ్య మామ, ఆయన భార్య ఉప్పలమ్మ అత్త పైకి చదవమన్నారు. చదివాను.

"నల్లా రోజు వస్తదా?" అని అడిగింది ఉప్పలమ్మ అత్త.

కుళాయి నీళ్లు రోజూ వస్తాయన్నాను.

"ఎండకాలం గూడ?"

ఎండాకాలం కూడా అన్నాను. అయితే మంచిగనే ఉంది గదా అని ఆమె తేల్చేసింది. మల్లయ్య మామ ఇంకా ముందుకు పోయాడు. అందరికీ పని ఉంది, రెండు పూటలా అన్నం ఉంది, మూత ఉంది కాబట్టి ఎండ లేదు. బొంబాయిలో పదేళ్లు మట్టి మోసిన మనిషి ఆయన. ఆ నగరానికి పోవాలంటే ఎవరిని కలవాలో అడిగాడు. బాపు మాత్రం కార్డు చింపిన పిల్లకు పొగరెక్కువన్నాడు. నాకు ఒళ్లు మండింది.

పదకొండో రోజు, రెండో భాగం మధ్యలో, ఆ ఊర్లో గొర్రెలు ఎన్ని ఉంటాయని బాపు అడిగాడు. లేవన్నాను. మేకలు? అవీ లేవు. కుక్క? జంతువులన్నిటినీ నిషేధించారని మొదటి భాగంలోనే చదివాను, ఎవరూ వినలేదు. ఆ పెద్దాఫీసువాడు మనిషే కాదన్నాడు బాపు.

ఆ రోజు నుంచి ముగ్గురూ తార పక్షం. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని పొద్దున్నుంచే చూసేవాళ్లు. మల్లయ్య మామ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయేవాడు. తార దొరికిపోయిన రోజు ఉప్పలమ్మ అత్త ఏడ్చింది. ఏడ్చి, నేను సరిగా చదవడం లేదని నన్నే తిట్టింది. అంత సంతోషం నాకు మళ్లీ ఏ పుస్తకంతోనూ కలగలేదు.

మే ఇరవై తొమ్మిదిన మూడో భాగం అయిపోయింది. తార గేటు ముందు నిలబడి ఉంటుంది. అది తెరుచుకుందో లేదో నాలుగో భాగంలో ఉంటుంది. నాలుగోది లేదని చెప్పేయాల్సింది. ఆ ముగ్గురి మొహాలూ చూశాక నోరు రాలేదు. ముగ్గురికీ అక్షరం రాదు, ఏ పుస్తకం తెరిచినా వీళ్లకు ఒకటే కదా అనుకున్నాను. మరునాడు చేతికందిన పుస్తకం తెరిచి, అందులో లేని కథ చదవడం మొదలుపెట్టాను.

నా కథలో పెద్దాఫీసు పంపేది ఖాళీ కార్డేనట. దాని మీద పని రాసేది ఇంటి పెద్ద. తార కార్డు రాసింది తార తండ్రి. ఆయన చెడ్డవాడు కాడు. తోడు ఎవరూ లేక, తన పనే బిడ్డకూ రాశాడు. ఉప్పలమ్మ అత్త ఆ తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టింది. మల్లయ్య మామ బాపు వైపు చూసి, వెంటనే గొర్రెల వైపు చూశాడు. బాపు కర్ర కొసతో నేల గీకుతూ కూర్చున్నాడు.

అలా నాలుగు రోజులు చదివాను. చివరికి గేటు తెరుచుకుంది. బయటికి వచ్చిన తారను ఏం చేయాలో నాకు తోచలేదు. తోచక, రోడ్డు మీదికి నడిపించి పాలమూరు బస్సెక్కించి పుస్తకం మూశాను. రాబోయే కాలంలో కూడా పాలమూరుకు బస్సు ఉండటం మల్లయ్య మామకు బాగా నచ్చింది.

గొర్రెలు కదిలాయి. నేను లేవబోతుంటే బాపు ఆ పుస్తకం అడిగి తీసుకుని, అట్ట తిప్పి చూశాడు.

"గిది మొదటిది," అన్నాడు. "గీ మూలకు తొక్కు నూనె మరక ఉంది. రెండోదాని వీపు పగిలింది. మూడోది జర లావు. నాలుగోది నీ సంచిల లేనే లేదు."

నూట నలభై గొర్రెలను మొహం చూసి గుర్తుపట్టే మనిషి. ఇంకొకరి మందలో కలిసిపోయిన గొర్రెపిల్లను ఏడాది తరువాత పేరు పెట్టి పిలిచి తెచ్చుకున్న మనిషి. ఆయనకు మూడు పుస్తకాలు ఒక లెక్కా? సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎప్పుడు తెలిసిందని అడిగితే, మొదటి రోజు తెరిచినప్పుడేనన్నాడు. మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

బాపు పుస్తకాన్ని తువ్వాలతో తుడిచి నా సంచిలో పెట్టాడు.

"మంచిగ సెప్తున్నవు గదా బిడ్డా. గా తండ్రి ఆఖరికి ఏం జేస్తడో సూద్దామని ఇన్న."

తండ్రి ఏం చేశాడో నేను చెప్పనే లేదు. అది నాకూ తెలియదని అన్నాను.

బాపు గొర్రెలను అదిలించి, నాలుగడుగులు వేసి ఆగాడు.

"గా పాలమూరు బస్సు," అన్నాడు, "ఎన్ని గంటలకు?"