భద్రం చేసిన జాగ్రత్త

వీధి మలుపులో జిరాక్సు, లామినేషన్ షాపు నడిపే ఆయన్ని అందరూ భద్రం అంటారు. అసలు పేరు ఏనాడో మరిచిపోయారు. చేతికి ఏ కాగితం వచ్చినా "భద్రంగా ఉంటుంది" అంటూ రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి మెషిన్లోకి తోసేస్తాడు. బయటివాళ్లయితే వద్దని లాక్కుంటారు, ఇంట్లో వాళ్లకు ఆ దారి కూడా లేదు. పిల్లదాని టీకాల కార్డు, ఇంటి పన్ను రసీదు, ఎప్పుడో అమ్మేసిన ఫ్రిజ్ గ్యారంటీ కాగితం, అన్నీ గట్టిపడి బీరువాలో నిలబడి ఉంటాయి. బీరువా తాళం చెవి ఆయన మొలతాడుకి వేలాడుతుంది.

ఆయన భార్య ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధికి ఆమె టైలరమ్మ. ఆమెకు వెనకా ముందూ ఉన్నది ఒక్క అక్క. వేరే దేశంలో వృద్ధాశ్రమంలో పనిచేస్తూ ఒంటరిగా ఉంటోంది. అమ్మ పోయాక ఈమెకు జడ వేసి బడికి పంపింది ఆ అక్కే. ఇప్పుడు అక్కకు గుండె ఆపరేషన్. ఫోన్లో ఒకటే మాట అంది: "మత్తిచ్చే ముందు నీ మొహం ఒకసారి చూడాలే." టైలరమ్మ ఒప్పుకున్న బట్టలన్నీ గబగబా కుట్టి ఇచ్చేసి టిక్కెట్టు కొనుక్కుంది. ఆ దేశానికి వీసా గోల లేదు, పాస్‌పోర్టు ఉంటే చాలు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే భద్రం బీరువా తెరిచి, కాగితాలన్నీ మంచం మీద పరిచాడు.

"ఓటరు కార్డు పెట్టుకో. ఇంటి పన్ను రసీదు పెట్టుకో. పెళ్లి సర్టిఫికెట్ మాత్రం మర్చిపోకు."

"పాస్‌పోర్టు, టిక్కెట్టు చాలండీ. ట్రావెల్సు అతను చెప్పాడుగా. అక్కడ మన ఇంటి పన్నుతో ఎవరికేం పని?"

"పరాయి దేశంలో ఎవరైనా ఆపి, నువ్వెవరి తాలూకు అని అడిగితే ఏం చూపిస్తావ్? నీకు జాగ్రత్త తెలీదు. అందుకేగా అన్నీ నా దగ్గర పెట్టుకునేది."

కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉంది. చుట్టాల ముందు, పక్కింటివాళ్ల ముందు, చివరికి కూతురి ముందు కూడా అంటాడు. దానికి ఆయన చూపే సాక్ష్యం ఆమె బడి సర్టిఫికెట్. ఎన్నిసార్లు అడిగినా ఎక్కడో పోయిందంటుంది. చదివిన చదువు కాగితం పారేసుకున్న మనిషిని ఏం నమ్ముతాం అంటాడు.

ఆమె మంచం మీది పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుంది. అది బిరుసుగా ఉంది. తెరిచి చూస్తే ఫోటో ఉన్న పేజీకి అటూ ఇటూ ప్లాస్టిక్. ఫోటోలో ఆమె ముక్కు మీద ఒక బుడగ, పుట్టిన తేదీ మీద ఒక ముడత.

"పుస్తకం మెషిన్లో పట్టలేదు. అందుకని ఇస్త్రీ పెట్టెతో నొక్కా," అన్నాడు భద్రం, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ట్రావెల్సు అతనికి ఫోన్ చేసింది. ఆ పుస్తకం పట్టుకుని వెళితే విమానం ఎక్కనివ్వరు, ముందు పాస్‌పోర్టు ఆఫీసుకు పరిగెత్తండి అన్నాడతను. పరిగెత్తారు.

కౌంటరులో కళ్లద్దాల ఆఫీసరమ్మ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆపరేషన్ సంగతి వింది. "అత్యవసరం కింద ఈ రోజే కొత్తది ఇప్పించొచ్చు. ఇది ఎలా పాడైందో చెప్పండి," అంది.

టైలరమ్మ నోరు తెరిచేలోపే భద్రం ముందుకు వంగాడు. "మా ఆవిడకి కాస్త అజాగ్రత్తండీ. నీళ్ల బకెట్లో పడేసింది."

ఆఫీసరమ్మ పేజీ అంచుని గోటితో గీకింది. "నీళ్లు ప్లాస్టిక్ అయ్యాయా? పేజీ మార్చినట్టు అనుమానంగా ఉంది. ఇది విచారణకు వెళ్లాలి."

"మేడమ్, నేను పడెయ్యలేదు," అంది టైలరమ్మ. "ఈయనకి లామినేషన్ షాపుంది. నాకు చెప్పకుండా ఇస్త్రీ పెట్టెతో అంటించాడు. షాపు పరువు పోతుందని ఇప్పుడు నా మీదకి తోస్తున్నాడు."

"ఈ మాట ముందే వచ్చుంటే సరిపోయేదమ్మా. రెండు మాటలు విన్నాక నేను సంతకం పెట్టలేను. మీ పాత కాగితాలు అసలువి తెండి, లామినేషన్ లేనివి. ముద్ర చేత్తో తడిమి చూడాలి."

ఆ ఇంట్లో అలాంటివి ఎక్కడివి? భద్రం నేల చూపులు చూస్తూ ఇంటికి వచ్చాడు. టైలరమ్మ సరాసరి కుట్టుమిషను దగ్గరికి వెళ్లి సొరుగు లాగింది. దారపు ఉండల కింద, గుడ్డలో చుట్టి, మడత నలగకుండా ఉంది బడి సర్టిఫికెట్. ముద్ర మీద సిరా కూడా చెదరలేదు.

"పోయిందన్నావుగా?"

"మీ చేతికి దొరక్కుండా దాచుకున్నా. అది అక్క నన్ను చదివించిన కాగితం."

కాగితం చూపించినా విచారణ దాని దారిన అది నడిచింది. విమానం వెళ్లిపోయింది. ఆపరేషన్ రోజున అక్కతో పనిచేసే ఆవిడ ఫోన్ పట్టుకుంటే, వీడియోలో చూసుకున్నారు. మాట మొదలయ్యేలోపే బొమ్మ ఆగిపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మెలకువ రాగానే అక్క అడిగిన మొదటి మాట "చెల్లి వచ్చిందా?" అని. ఆ మాట విన్నప్పటి నుంచీ టైలరమ్మ భర్తతో మాట్లాడటం మానేసింది. ఆయన అన్నం పెట్టమంటే పెట్టింది, అంతే.

కొత్త పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. ఆమె సంతకం పెట్టి తీసుకుంటుంటే, భద్రం అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. ఆమె దాన్ని చేతిసంచీలో వేసుకుని జిప్పు లాగింది. ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

అక్క దగ్గరికి మళ్లీ టిక్కెట్టు కొనుక్కుంది. ప్రయాణం రోజు సంచీలోకి పాస్‌పోర్టు, టిక్కెట్టు, గుడ్డలో చుట్టిన బడి సర్టిఫికెట్ మాత్రమే వెళ్లాయి. గుమ్మం దాటుతుంటే భద్రం వెనకాలే వచ్చాడు, పెళ్లి సర్టిఫికెట్ పట్టుకుని. ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైటు మెరిసింది.

"ఇది కూడా పట్టుకెళ్లు. ఎవరైనా అడిగితే..."

అన్ని రోజుల తర్వాత ఆమె ఆయనతో మాట్లాడింది.

"అది మీ దగ్గరే ఉంచుకోండి. భద్రంగా ఉంటుంది."