చిలుకలకొండ కలపండ్ల విందు

గ్రీష్మమధ్యాహ్న మార్తాండుని ప్రచండకిరణములచే చిలుకలకొండ దుర్గపు ప్రాకారశిలలు పెనములవలె కాగుచుండగా గోడల పగుళ్ళయందలి తొండలు సైతము నీడకై పరుగులిడుచుండగా కందకమున మిగిలిన కడపటి నీరు పచ్చని బురదయై కుళ్ళుచు ఆ బురదలో మొన్నటి పోరునందు కూలిన గుఱ్ఱముల యెముకలు తెల్లగా బయల్పడియుండగా ఆ దుర్గపు సభామండపమున మాత్రము వట్టివేళ్ళ తడికలపై చల్లిన నీటి చల్లదనమును మాగిన మామిడిపండ్ల పరిమళమును గలిసి ప్రాణమునకు హాయి గొల్పుచుండెను. ఆ హాయి నడుమ ఎదురెదురుగా కూర్చున్న రెండు వరుసల మగవారి కన్నులలో మాత్రము నిప్పులు రాలుచుండెను.

ఒక వరుస చిలుకలకొండవారు. వేఱొక వరుస మద్దికోటవారు. ఈ రెండు దుర్గములకు నడుమ పాఱెడు సెలయేటి ఆనకట్ట తమదన్న తమదని తాతలనాటినుండి తలలు తెగగొట్టుకొనుచున్న ఈ మహావీరుల పుణ్యమా యని ఆ యేటి నీటితో తడిసిన పొలములకన్న నెత్తురుతో తడిసిన పొలములే మెండు. గడచిన మాఘమున మద్దికోట ప్రభువగు దామనాయకుడు ఆనకట్టపై చిలుకలకొండ దొరయగు పోతినాయకుని ఱొమ్మున ఈటెతో పొడిచి అది వెన్నున వెడలువఱకు త్రోసి కొనయూపిరితోనున్న వానిని జుట్టుపట్టి యీడ్చి కంఠము నఱకి ఆ శిరస్సును తన కోటవాకిటి గుంజకు వ్రేలగట్టించెను. తలలేని ఆ దేహమును చితిపై పరుండబెట్టిన అభాగ్యురాలు పోతినాయకుని తల్లి కాచాంబ. ఆమెకిక మిగిలినవాడు చిన్నకొడుకు బయ్యన యొక్కడే.

చంపుటకు మనుష్యులును తినుటకు గింజలును తక్కువైనపుడు ఇరుపక్షములకును ఆచారము జ్ఞప్తికి వచ్చెను. ఆ సీమలో పగ మాన్పుటకు కలపండ్ల విందను నొక పద్ధతి యుండెను. రెండు తోటలనుండియు ఫలములు తేవలెను. విషభయమున్నది గనుక కత్తి తగులని పండ్లనే తేవలెను. ఆయుధములు కోటవాకిటనే విడువవలెను. ఆ పగలో ఎల్లరికన్న కడపట బిడ్డను పోగొట్టుకొన్న ఇంటి తల్లి ఎల్లర యెదుట ఆ పండ్లను కోసి ఒక్క గంగాళమున గలిపి మొదటి పిడికెడు తన కుడిచేతితో ఆ బిడ్డను చంపినవాని నోట నుంచి వానిని నాయనా యని పిలువవలెను. అది మ్రింగినవాడు ఆ తల్లి బిడ్డలపై ఇక చేయి యెత్తరాదు. ఎత్తెనేని సొంత బలగమే వానిని వెలివేయును. వాడు ఉమిసివైచెనేని మాత్రము పగ పగయే.

విందునాటి యుదయమున బయ్యన తల్లియొద్దకు వచ్చి పటపట దంతములు కొఱుకుచు నడిగెను.

"అమ్మా! అన్న తలను గుంజకు గట్టినవాని నోట నీ చేతితో పండు పెట్టుదువా?"

"పెట్టుదును."

"వానిని నాయనా యని పిలుతువా?"

"చేయి నా మాట వినునురా. నోటి సంగతి నాకును తెలియదు. వాడు బ్రతికిన నీవు బ్రతుకుదువు. నాకంతియే తెలియును."

బయ్యన తోటకు బోయి కొమ్మలు వంచుచున్న పనసలలో నెల్ల పెద్దదానిని భుజముపై మోసికొని వచ్చి మండపమున దించెను. కొడుకు దారికి వచ్చెనని కాచాంబ సంబరపడెను. పిచ్చితల్లి!

పురోహితుడగు ఎల్లనభట్టు ముహూర్తము పలుకగా ఆమె తడియిసుకలో పాతిన కంచుగంగాళము ముందు కూర్చుండి పని కుపక్రమించెను. మద్దికోట మామిడిపండ్ల తొక్క తీసి ముక్కలు కోసెను. తమ తోట తాటిముంజలను గోటితో చీరి నీరు చిందకుండ గంగాళమున జార్చెను. దోసపండు గింజలు తీసి తఱిగెను. అరటిపండ్లు చక్రములుగా కోసెను. దానిమ్మలను విదిలించి కెంపులవంటి గింజలు రాల్చెను. పైన తేనెయు కొబ్బరిపాలును పోసి ఏలకులపొడి చల్లెను. ఎండలో నడచి వచ్చిన మద్దికోట భటులు గ్రుటకలు మ్రింగుచుండిరి. దామనాయకుడు మాత్రము పండ్లను గాక ఆమె చేతిలోని కత్తిని చూచుచుండెను. ఆమెకును ఆ కత్తిని వాని గొంతున దింపవలెనని యుండెను. ఉండదా మఱి? కన్నకడుపు.

కడపట పనసపండు మిగిలెను. దానిని చీల్చుట మగవాని పనియని బయ్యన చివాలున లేచెను.

"కూర్చుండుము నాయనా! కలపండ్ల విందున కత్తి పట్టదగినది మీ యమ్మ యొక్కతెయే" యని ఎల్లనభట్టు వారించెను.

బయ్యన మొగమున కత్తివేటుకు నెత్తురుచుక్క లేకపోయెను. వాడు పుట్టిన తరువాత ఆ సీమలో ఎవ్వరును సంధి చేసికొనలేదు. పాపము వానికి ఆ నియమ మెట్లు తెలియును?

కాచాంబ జిగురంటకుండ చేతులకు నూనె రాచికొని పండును తనవైపునకు దొర్లించెను. తొడిమ ప్రక్కన పాలు కారి గడ్డకట్టిన చార యొకటి కనబడెను. కత్తి తగులని పండున ఆ చార యుండరాదు. ఆమె కత్తితో కొంచెము చీల్చి లోపలికి చేయి పోనిచ్చెను. మెత్తని తొనల నడుమ వ్రేళ్ళకు చల్లని యినుము తగిలెను.

ఆమె తలయెత్తి కొడుకును జూచెను. వాడు చూపు తప్పించెను. ఆ క్షణమున ఆమెకు సర్వము బోధపడెను. నోరు విప్పి చెప్పెనా ఆచారమును మైలపఱచినాడని మద్దికోటవారు వానిని అచ్చటనే చీల్చివేయుదురు. చెప్పకున్న వాడే యా బాకు తీసి చావును కొనితెచ్చికొనును. ఆమె బాకును పిడికిట బిగించి తొనలలోనే యదిమిపట్టి "ఈ పండు కుళ్ళినది. కందకమున పాఱవేయుడు" అనెను.

ఆమె గొంతు వణకకున్న ఆ మధ్యాహ్నము వేఱుగా గడచెడిదేమో! వణకెను. దామనాయకుడు లేచుచుండెను. ఇక లాభము లేదని బయ్యన ఒక్క యురుకున వచ్చి పండులో చేయి దూర్చి పిడి చిక్కించుకొని లాగెను. తల్లి అలుగు విడువలేదు. కొడుకు పిడి విడువలేదు. బాకు సఱ్ఱున బయటికి వచ్చెను. దానితో ఆమె కుడిచేతి చూపుడువ్రేలు తెగి తొనలపై పడెను.

బయ్యన దానిని చూడనైన చూడలేదు. ఉన్మత్తుడై దూకి దామనాయకుని భుజమున బాకును పిడివఱకు దింపెను. అంతట ఆ మండపమున ఎవ్వడు ఎవ్వనిని కొట్టుచున్నాడో తెలియని సంకులసమరము చెలరేగెను. మద్దికోటవాడొకడు ఏలకులు నూఱిన రోకలిబండ యెత్తి ఎదుటివాని తలపై మోదగా పుఱ్ఱె పగిలి మెదడు చింది తడికలపై బడెను. చిలుకలకొండవాడొకడు మామిడిపండ్లు కోసిన కత్తి నందుకొని కనబడిన కడుపునెల్ల చీల్చుకొనుచు బోయి కడకు తానును నలువురి చేతులలో గొంతు నులుమబడి కన్నులు వెలికుఱికి చచ్చెను. ఆపుడని యఱచుచు చేతులు చాచిన ఎల్లనభట్టును ఎవ్వడో త్రోయగా ఆ వృద్ధుడు స్తంభమునకు గొట్టుకొని కూలబడెను. మగతనమునకు అంతకన్న వేఱు పని తోచలేదు కాబోలు!

నూనెయు నెత్తురును పనసతొనలును కలిసిన ఆ నేలపై బయ్యన కాలు జాఱి వెల్లకిల పడెను. దామనాయకుడు తన భుజమునుండి బాకు పెఱికి వాని ఱొమ్ముపై మోకాలు మోపి ఎడమచేత జుట్టు పట్టి తల వెనుకకు వంచెను. అన్నను చంపిన తీరుననే తమ్ముని గొంతుపై అలుగు మోపెను.

కాచాంబకు పెద్దకొడుకు చావు కన్నులార చూచు రాత వ్రాసిపెట్టలేదు. చిన్నకొడుకు చావు ఎదుటనే జరుగనుండెను. ఆమె గంగాళమున కుడిచేయి ముంచెను. ఎడమచేయి చెల్లదు. తెగిన చోట తేనె తగిలి ప్రాణములు తోడివేయుచున్నను పిడికెడు పండ్లు దేవుకొని శవమును దాటి పోయి రంకెవేయుచున్న దామనాయకుని నోట క్రుక్కెను. క్రుక్కి అఱచేతితో ఆ నోరు మూసెను.

"నాయనా! ఉమియకుము నాయనా! నీ తల్లి పెట్టినదనుకొని మ్రింగుము!"

ఆ మాట ఆమె నోట ఎట్లు వచ్చెనో ఆమెకే తెలియదు. కొట్టుకొనుచున్నవారు ఎక్కడివారక్కడ నిలిచి దామనాయకుని గొంతువైపు చూచిరి. ఆతని గడ్డముపై తేనెయు నెత్తురును కలిసి కారుచుండెను. బాకుకొన క్రింద బయ్యన మెడపై సన్నని యెఱ్ఱని గీత పొడమెను. దామనాయకుడు తన నోరు మూసిన ఆ చేతిని జూచెను. వ్రేలు లేని చోటును జూచెను. ఆ పండ్లలో ఏ రుచి తగిలెనో గాని ఆతని కన్నులు చెమర్చెను. గొంతు కదలెను. మ్రింగెను.

"తల్లీ! నీ యింటి నెత్తురు చాల త్రాగితిని. ఇక చాలును" అని బాకు నేలవైచి ఆతడు బయ్యనపైనుండి లేచెను.

విందు నియమము ప్రకారము ఇరుపక్షములవారును శవముల నడుమనే కూర్చుండి తలకొక ముద్ద తినిరి. మధురముగా నున్నదని ఎవ్వరును అనలేదు. ఎల్లరు తినిన పిమ్మట కాచాంబ బయ్యన యెదుట కూర్చుండి మిగిలిన ముద్ద వాని నోటికందించెను. వాడు పెదవులు బిగించి మొగము త్రిప్పుకొనెను.

"అన్నను చంపినవాని నోట పెట్టిన చేతితో నాకు పెట్టకుము."

"వాని నోట పండు పెట్టకున్న నేడు నీ నోట తులసితీర్థము పోయవలసివచ్చెడిదిరా! ఏది పోసిన తృప్తిగా నుండెడిది నీకు?"

ఆమె కోపగించుకొనలేదు బ్రతిమాలనులేదు. చాచిన చేతినట్లే చాచియుంచెను. కొబ్బరిపాలతో కలిసిన నెత్తురు మణికట్టు మీదుగా మోచేతివఱకు కారి బొట్టుబొట్టుగా వాని యొడిలో పడుచుండెను. ఆనకట్ట ఎవ్వరిదో ఆ మండపమున ఒక్కరికిని అప్పుడు జ్ఞప్తికి రాలేదు. చాల సేపటికి బయ్యన తల్లి చేతివైపు చూచెను. నాలుగు వ్రేళ్ళతో ముద్ద నిలుపలేక ఆ చేయి వణకుచుండుట అప్పుడు చూచెను. పసిబిడ్డవలె వెక్కి వెక్కి యేడ్చుచు తన రెండుచేతులతో ఆ చేతిని క్రిందినుండి పట్టుకొని నోరు తెఱచెను.