మూడో గ్లాసు

ఒక జత కృత్రిమ కాళ్లలో ఎడమ మోకాలి గొళ్లాన్ని పనాస్ ఆకురాయితో రాస్తున్నాడు. కనుబొమ మీద కుట్లు చెమటకు భగ్గుమంటున్నాయి. నిన్న ఇదే మోకాలిని యరేమా అనే సైనికుడు అతని ముఖాన విసిరికొట్టాడు. నిలబడీ నిలబడగానే గొళ్లెం జారి, బోర్లా పడి పెదవి చీల్చుకున్న కుర్రాడు మరి! కోపం రాదా?

పనాస్ బతుకంతా ఖార్కివ్ అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేశాడు. లిఫ్టు నడిచినన్నాళ్లూ మేస్త్రీ ఎవరికి గుర్తొస్తాడు? యుద్ధం మొదలయ్యాక, సైనికులకు కాళ్లు తయారుచేసే ఈ నేలమాళిగలో చేరాడు. తాడు తెగిన లిఫ్టును పట్టి ఆపే కొక్కెం లాంటిది మోకాలికీ పెట్టాలని అతని పంతం.

యరేమా చక్రాల కుర్చీలో వచ్చాడు. రెండు కాళ్లూ తొడల దాకా పోయాయి. అవి పోయిన కందకంలోనే ముగ్గురు స్నేహితులు ముక్కలై అతని ఒళ్లోనే పడ్డారు. ఇవాళ్టికి ఏడాది. సైనికుల ఆచారం ప్రకారం, పోయినవాళ్ల పేర తాగే మూడో గ్లాసు మద్యాన్ని కూర్చుని తాగకూడదు.

“ఇవాళ పడ్డానంటే నిన్ను చంపేస్తా బాబాయ్.”

“చంపుదువుగానిలే. ముందు లేవరా,” అంటూ పనాస్ అతనికి రెండు కాళ్లూ తొడిగాడు.

లేచాడు. పడ్డాడు. బూతులు తిడుతూ ఇనుప కమ్మీని పిడికిలి పగిలేలా గుద్దాడు. నడక నేర్పే ఒరీనా పట్టుకోబోతే మోచేత్తో పొడిచాడు. ఆమె ముక్కు నుంచి నెత్తురు కారింది. పనాస్ వంగి మర బిగించాడు.

“మళ్లీ లే.”

ఈసారి గొళ్లెం టక్కుమని పడింది. మోకాలు నిలిచింది. యరేమా భోరున ఏడ్చాడు.

“ఏడుపు చాల్లే, కూర్చో. కుడిదాన్ని కూడా కాస్త రాయాలి. ముందు రొట్టె పట్టుకొస్తా,” అని పనాస్ మెట్లెక్కి వెళ్లాడు.

కాసేపటికి పైన వీధిలో డ్రోన్ పేలింది. నేలమాళిగ అదిరి, సున్నం పెళ్లలు రాలాయి. ఒరీనా పైకి పరుగెత్తింది. తిరిగొచ్చినప్పుడు ఆమె మోచేతుల దాకా నెత్తురు, చేతిలో నల్లరొట్టె.

“పనాస్ గొంతులో దిగింది ఇనుప ముక్క. రొట్టె మాత్రం వదల్లేదు,” అంది.

సాయంత్రం యరేమా రెండు గ్లాసులు కూర్చునే తాగాడు. మూడోదానికి బల్ల పట్టుకుని లేచాడు. ఎడమ మోకాలు టక్కుమంది. కుడిది గజగజ వణికి, ఆగింది. పోయినవాళ్ల పేర తాగేది కాబట్టి ఒరీనా గ్లాసుకు గ్లాసు తాకించలేదు. ముగ్గురి కోసం అనుకున్నది నలుగురి కోసం తాగాల్సి వచ్చింది.

“పడలేదు చూడు బాబాయ్,” అన్నాడు.

బల్ల మీద పనాస్ పేర నిండు గ్లాసు, దాని మీద రొట్టె ముక్క. పక్కనే కుడి మోకాలి కోసం తీసిపెట్టిన ఆకురాయి, పళ్ల నిండా ఎడమ మోకాలి ఇనుప పొడి.