తొమ్మిది నీళ్ళ గోధుమలు

పోయినవాళ్ళ కోసం వండే గోధుమల్ని తొమ్మిది నీళ్ళలో కడగాలి. ఎనిమిదైతే చాలవు. "నిన్ను వదిలేస్తే ఏడో నీళ్ళకే చేతులు దులిపేసుకుంటావు, నీ సంగతి నాకు తెలీదా" అనేది గ్లాఫీరాతో అత్తగారు అగ్రిపీనా, పొయ్యి పక్క పీట మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ. ఇరవయ్యొక్క ఏళ్ళు అలా వేళ్ళు మడిచింది మహాతల్లి. ఆవిడ పోయి ఏడేళ్ళయింది. రేపు పోయినవాళ్ళందర్నీ చర్చిలో తలుచుకునే ఆత్మల శనివారం, ఆవిడ ఏడో ఏటి స్మరణ కూడా రేపే. పీట ఖాళీగానే ఉంది, అయినా గ్లాఫీరా మూడో నీళ్ళు పారబోస్తూ ఒకసారి అటు చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది!

కడిగిన గోధుమలు ఉడకబెట్టి, పంచదారా అక్రోట్ల పొడీ కలిపి, పళ్ళెంలో గుట్టగా పోసి పైన సిలువ దిద్దితే కొలీవా. చర్చిలో ఫాదర్‌గారు చీటీలోంచి పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. తర్వాత పాట పాడుతూ ఆ ఇంటివాళ్ళందరూ పళ్ళాన్ని చేతులమీద ఎత్తి మెల్లగా ఊపుతారు. సిరెత్ ఏటి పక్కనున్న ఈ ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా కొలీవా మాత్రం గ్లాఫీరా చేతిదే. "నీ కొలీవా దొరుకుతుందంటే చావడానికి కూడా భయం లేదే తల్లీ" అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుతారు. ఒళ్ళు హూనమయ్యేది ఆమెకి, పుణ్యం వాళ్ళకి. భర్త గవ్రిల్ అయితే "ఇంట్లో ఊరికే కూర్చునే కదా ఉంటావు" అంటాడు. ఇంతమంది పోయినవాళ్ళకి వండిపెట్టే ఈ మనిషికి తన మనిషి ఎవరైనా పోయారా అని ఇన్నేళ్ళలో ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు.

మూడు ఆదివారాల కిందట, కొత్తగా వచ్చిన ఫాదర్ యుస్తిన్ ప్రసంగం మధ్యలో ఒక మాటన్నారు. "బిడ్డ ప్రాణం మీదికొచ్చి, ఫాదర్ అందుబాటులో లేకపోతే, బాప్తిస్మం పొందినవాళ్ళు ఎవరైనా సరే బాప్తిస్మం ఇవ్వొచ్చు. ఆడవాళ్ళైనా, కన్నతల్లైనా. నీళ్ళు పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం పలికితే చాలు, అది చెల్లుతుంది." ఆ మాట అనేసి ఆయన ఉపవాసాల సంగతికి వెళ్ళిపోయారు. గ్లాఫీరాకి తర్వాతి మాట ఒక్కటీ వినబడలేదు. గోడవారనున్న బల్ల మీద కూలబడింది. "ఏమే, కళ్ళు తిరుగుతున్నాయా? పొద్దున ఏమీ తినకుండా వచ్చుంటావు" అన్నాడు గవ్రిల్, ఇంటికెళ్ళే దారిలో.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, జనవరిలో, బయట నడుం లోతు మంచు పడి ఉండగా పుట్టింది పాప. నెల ముందే వచ్చేసింది, గుప్పెడంత ఉంది. ఊపిరి అందక పెదాలు నీలంగా మారుతున్నాయి. గవ్రిల్ బండి కట్టుకుని ఫాదర్‌ కోసం పక్క ఊరికి బయల్దేరాడు. దేవుడి పటాల కింద అద్దాల బీరువాలో సీసా ఉంది, వారం కిందటే పండక్కి చర్చిలో దీవించి ఇచ్చిన నీళ్ళు. గ్లాఫీరాకి మంచంలోంచి కనబడుతూనే ఉంది. "అత్తయ్యా, ఆ నీళ్ళు ఒక్క చుక్క తలమీద పోస్తాను, ఇటివ్వండి" అని చెయ్యి చాపింది. అగ్రిపీనా బీరువాకి అడ్డం నిలబడింది. "ఛీ, ముట్టుకోకు! ఇందాకే కన్న మైల చేతులతో ఆ నీళ్ళా? నలభై రోజులు పటం వైపు కూడా చూడకూడదు నువ్వు. ఫాదర్‌గారు వస్తారు, ఆయన చేతులమీదుగానే జరగాలి." పోనీ మీరైనా పోయండి అంటే, "ఆడదాన్ని, నేనెవర్నే!" అంది. ఫాదర్‌ వచ్చేసరికి పాప వెళ్ళిపోయింది. రెండు గంటలు బతికింది. బాప్తిస్మం లేదు గనక సమాధుల కంచె అవతల పాతిపెట్టి వచ్చాడు గవ్రిల్. "వయసులో ఉన్నాం, మళ్ళీ పుడతారులే" అన్నాడు. మళ్ళీ పుట్టలేదు. దానికీ అత్తగారి నోటినుంచి పడాల్సిన మాటలన్నీ ఈమే పడింది.

ఆరో నీళ్ళు. గ్లాఫీరా చేతులు నీళ్ళలోనే ఉంచి నిలబడిపోయింది. ప్రభువా, నేను నీతో ఎప్పుడూ గొడవపడలేదు. నువ్వు ఇచ్చావు, నువ్వు తీసుకున్నావు అని నోరు మూసుకున్నాను. ఇప్పుడేమో చెల్లేదట! నా చెయ్యి చెల్లేదట! మరి ఆ రోజు ఆ గదిలో నువ్వు లేవా? ఉంటే అత్తగారి చెవిలో ఒక్క మాట వెయ్యలేకపోయావా, నాకైనా ధైర్యం ఇవ్వలేకపోయావా? నిన్ను మోసి కన్నదీ ఒక తల్లే కదా, ఆవిడ చేతులు నీకు మైల అనిపించాయా? మంచాన పడ్డ ఆఖరి రెండేళ్ళూ అదే అత్తగారి పెదాల మీద అదే పండగ నీళ్ళు రోజూ పొద్దున్నే పోసింది నేనే. అప్పుడు నా చేతులకి ఏ మైలా లేదు, ఆవిడకీ అడ్డు చెప్పాలనిపించలేదు. నేను అడగాల్సింది ఆవిడ్ని కాదు, ఆవిడకి తెలిసింది అంతే. నిన్నే అడుగుతున్నాను. నిన్ను వదిలేసి వెళ్ళిపోదామంటే ఎక్కడికి పోను? అడగడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు? కోపం వస్తోంది నాయనా, చాలా కోపం వస్తోంది. నువ్వు నా ఇంటివాడివి గనకే వస్తోంది.

తొమ్మిదో నీళ్ళు పారబోసి, గోధుమలు పొయ్యెక్కించి, చేతులు తుడుచుకుని పేర్ల చీటీ రాసింది. అత్తగారిది, మామగారిది, ఆ వెనకటివాళ్ళవి. అన్నిటికీ కింద ఇంకో పేరు రాసింది. సాయంత్రం దాన్ని తీసుకుని ఫాదర్‌గారి ఇంటికి వెళ్ళింది.

అంతా విని ఆయన తల వంచుకున్నారు. చెడ్డవాడు కాదు, ముప్పై ఏళ్ళు కూడా లేవు. "బాప్తిస్మం లేని బిడ్డ పేరు చర్చిలో చదవకూడదమ్మా. నియమం. నేను మార్చగలిగింది కాదు. ఇంట్లో ప్రార్థన చేసుకోండి."

"ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంట్లోనే కదండీ చేసుకుంటున్నాను."

"దేవుడికి ఆ బిడ్డ తెలుసమ్మా."

"ఆయనకి తెలుసు. మన ఊరికే తెలీదు."

ఆయన కలం తీసి ఆ ఆఖరి పేరు మీద గీత గీశారు. గ్లాఫీరా ఆ గీత చూసింది, చీటీ అక్కడే వదిలి ఇంటికొచ్చింది.

శనివారం పొద్దున చర్చి నిండిపోయింది. బల్లమీద వరసగా పళ్ళేలు, వాటిలో గుచ్చిన సన్న కొవ్వొత్తులు. గవ్రిల్ తమ పళ్ళెం చూసి మోచేత్తో పొడిచాడు. "ఇదేంటే, రెండు సిలువలు పెట్టావు? పక్కన ఈ చిన్నది దేనికి?"

"పెద్దది మీ అమ్మకి."

"అది కాదే, ఆ చిన్నది..." అతని మాట పూర్తికాకుండానే ఫాదర్ యుస్తిన్ చీటీలు చదవడం మొదలుపెట్టారు. ఒక్కో ఇంటి చీటీ అయిపోగానే పాట, పళ్ళెం ఊపడం. వీళ్ళ వంతు వచ్చింది. అగ్రిపీనా అన్నారు, మామగారి పేరన్నారు, కిందికి దిగుతూ వచ్చారు. గీత కొట్టిన ఆఖరి పేరు దగ్గర ఆగారు. కళ్ళెత్తి గ్లాఫీరా వైపు చూశారు, చీటీ మడిచేశారు. గవ్రిల్, అతని అన్నదమ్ములు పళ్ళాన్ని ఎత్తారు. గ్లాఫీరా కూడా అంచు కింద చెయ్యి పెట్టింది. పాట ఇంకా అందుకోలేదు.

"రుక్సాంద్రా" అంది గ్లాఫీరా.

గట్టిగానే అంది. ముందు వరసలోని ముసలమ్మలు తిరిగి చూశారు. ఫాదర్‌గారు ఆమెని ఆపలేదు, ఆమె అన్నది తిరిగి అననూ లేదు. చేతుల్లో చీటీతో అలాగే నిలబడ్డారు.

"ఎవరే ఆ రుక్సాంద్రా?" గవ్రిల్ చెవి దగ్గర గుసగుసలాడాడు, పరువు పోతోందన్న కంగారుతో. "మా వైపు ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరే!"

"మీ కూతురు" అంది గ్లాఫీరా.

గవ్రిల్ పట్టుకున్న వైపు పళ్ళెం కిందికి జారింది, ఒక కొవ్వొత్తి ఒరిగింది. ఆ పిల్లకి ఒక పేరుందని అతనికి ఆ క్షణందాకా తెలీదు.

"సరిగ్గా పట్టుకోండి" అంది గ్లాఫీరా, కళ్ళు చిన్న సిలువ మీదినుంచి తిప్పకుండా. "ఇంకా ఊపాలి."