సీట్లో ఎవరూ లేరు

నర్మద తన కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ చూపించగానే ముందు నాకు నవ్వొచ్చింది. దసరా తర్వాత తొమ్మిది పనిదినాల్లో ఆమె ఒక్క గంట కూడా సీట్లో లేదట. మా చిక్కడపల్లి ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండే ఈ పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుందంటే, అన్నానికి వాళ్లమ్మ మాసమ్మ మూడుసార్లు పిలవాలి. ఆ పిలుపులు మా వంటింట్లోకి వినిపిస్తాయి.

"పనంతా అయింది గదా అంటే, ఏదన్న సాఫ్ట్‌వేర్ పెట్టి చేయిస్తున్నవా అని అడుగుతున్నరు వినయన్నా. ఐదింటిలోపు జవాబు రాయకుంటే తీసేస్తరంట. మీరు గీ పనే చేస్తరు గద, జర చూడున్రి."

అవును, గీ పనే. ఎదురుగా మనిషి ఉన్నాడో లేడో పసిగట్టే చిన్న సెన్సర్ స్క్రీన్ పైఅంచులో ఉంటుంది. అది చెప్పింది ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా మిగతా సాఫ్ట్‌వేర్లకు అందించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ రాసింది నేనే. మనిషి లేచి వెళ్తే స్క్రీన్ ఆరిపోవాలని, బ్యాటరీ మిగలాలని మొదలైన పని. తీరా అందించాక, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల హాజరు చూసుకునే కంపెనీలు దాని మీద ఎగబడ్డాయి. దీంతో ఏం చేస్తారని అడగాల్సింది. మాకెందుకులే అనుకున్నాం.

నర్మద మూడేళ్లు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివింది. ఉద్యోగం రాలేదు. చివరికి ఇన్సూరెన్సు క్లెయిములు చూసే ఈ కొలువు దొరికింది. వాళ్లింట్లో నెల జీతం అందుకున్న మొదటి మనిషి ఆమే. తండ్రి మాసయ్య దోమలగూడలో తాపీ పని చేస్తాడు.

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే కెమెరా పక్కన గంధం, దాని మీద కుంకుమ, దిట్టంగా ఎండిపోయిన బొట్టు.

"దసరాకు పెట్టిన సారూ," అంది గడపలో నిలబడ్డ మాసమ్మ. "మా ఆయన తాపీకి పెట్టినట్టే దీనికీ పెట్టిన. కెమెరాకు తగలనియ్యలే. దానంతట అదే పోవాలె, తుడవద్దన్న బిడ్డను."

ఆ నల్లటి అంచులో కెమెరా పక్కన ఇంకో కన్ను ఉందని ఆమెకెలా తెలుస్తుంది? సరిగ్గా దాని మీదే పెట్టింది. టైపు చేస్తున్నంతసేపు స్క్రీన్ ఆరదు కాబట్టి నర్మదకూ అనుమానం రాలేదు.

కానీ తప్పు బొట్టుది కాదు. అడ్డం ఏదైనా పడితే ఆ సెన్సర్ "నాకు కనిపించడం లేదు" అనే చెబుతుంది, "మనిషి లేడు" అనదు. గడువు ముంచుకొచ్చి టెస్టులు ఫెయిలవుతుంటే, మొదటి మాటను రెండో మాటగా మార్చింది నేను. ఒక్క లైను. టెస్టులన్నీ పాసయ్యాయి. ఆ ఏడు నాకు మంచి రేటింగ్ వచ్చింది.

ఈ సంగతి నాలుగు వాక్యాల్లో రాసి కింద నా పేరు పెడితే నర్మద బయటపడుతుంది. ఆ తర్వాత ఎన్ని ల్యాప్‌టాప్‌లు, ఎంతమంది అని మా కంపెనీని అడుగుతారు. నన్ను అడుగుతారు. నాకు భయం వేసింది.

తడిగుడ్డతో బొట్టు తుడిచేశాను. హాజరు సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే అందులో ఆమె గుర్తు పచ్చగా మారి ఉంది. తుడిచే ముందు రుజువుకు ఫోటో తీయాల్సింది. తొందరలో మరిచిపోయానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకోబోతాను. మరిచిపోలేదు.

"చూసిన్రా, నా తప్పు లేదు!" అని నర్మద గంతేసింది. "అన్నా, మీరే రాసియ్యున్రి. మీరు రాస్తే నమ్ముతరు."

"నేను బయటివాణ్ణి, బాగుండదు. బొట్టు అడ్డం వచ్చిందని నువ్వే రాయి, చాలు," అన్నాను.

రాసింది. ఆరింటికి జవాబు వచ్చింది. సెన్సర్‌ను కప్పేసినట్టు ఆమే ఒప్పుకుందట. కంపెనీ పరికరాన్ని కావాలని పాడుచేయడం కింద ఉద్యోగంలోంచి తీసేశారు. ల్యాప్‌టాప్ రేపే అప్పగించాలి.

నర్మద ఏడవలేదు. ఛార్జర్ వైరు చుట్టసాగింది.

మాసమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "నా చెయ్యే గద సారూ, నా బిడ్డ కొలువు తీసింది?"

కాదంటే, మరి ఎవరిదని అడుగుతుంది.

"తెలియక చేశారు లేమ్మా," అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పని ఇడిసిపెట్టి మా కోసం పరేషాన్ అయితిరి," అని నాకు దండం పెట్టింది.